హెక్సేన్ గదిలో కృపారాణి

కృపారాణిని ఒకచోట కుదురుగా కూర్చోబెట్టడం ఆమె తల్లి మరియమ్మ వల్ల ఏనాడూ కాలేదు. పిల్ల అన్నం కూడా నిలబడే తినేది. కోదాడలో డిగ్రీ చదివే రోజుల్లో, సొంతూరు అనంతగిరి నుంచి వెళ్లే బస్సులో సీట్లు ఖాళీగా ఉన్నా, డ్రైవరు వెనక కమ్మీ పట్టుకుని నిలబడేది. చదువులో కూడా ఆమెకు కెమిస్ట్రీ ల్యాబే నచ్చింది. అక్కడ చేతులు ఊరికే ఉండనక్కర్లేదు. డిగ్రీ అయ్యాక కొన్నాళ్లు ఒక ప్రైవేటు బడిలో పాఠాలు చెప్పింది గానీ మనసు నిలవలేదు. మిర్యాలగూడలో ఒక తవుడు నూనె ఫ్యాక్టరీకి కెమిస్టు కావాలని తెలిసిన రోజే బడికి సెలవు చెప్పేసి బస్సెక్కింది.

ఆ ఫ్యాక్టరీ వేములపల్లి రోడ్డులో, రైస్ మిల్లులన్నీ దాటాక ఉంటుంది. వడ్లు పట్టగా మిగిలిన తవుడు చుట్టుపక్కల మిల్లుల నుంచి లారీల్లో అక్కడికి వస్తుంది. ఎంత పిండినా తవుడులోంచి నూనె సరిగా దిగదు. అందుకని దాన్ని హెక్సేన్‌తో కడుగుతారు. చూడటానికి నీళ్లలా తేటగా ఉండే ఆ ద్రావకం పెట్రోలుకు దగ్గరి చుట్టం. తవుడులో ఉన్న నూనెనంతా తనలోకి లాగేసుకుంటుంది. తర్వాత వేడి చేస్తే హెక్సేన్ ఆవిరై లేచిపోతుంది, అడుగున నూనె మిగులుతుంది. ఆ ఆవిరిని చల్లార్చి మళ్లీ కొత్త తవుడు మీద పోస్తారు.

వచ్చిన ప్రతి లారీ తవుడులో నూనె ఎంత ఉందో తేల్చడం కృపారాణి పని. పెద్ద ఫ్యాక్టరీ చేసే పనినే ఆమె గాజు సీసాల్లో చేసేది. సైదయ్య అనే పెద్దాయన బస్తాల్లో ఇనుప గొట్టం గుచ్చి తీసిన శాంపిళ్లను పళ్లెంలో పెట్టుకుని తెచ్చేవాడు. ఆమె వాటిని తూచి, కాగితంలో చుట్టి, గాజు గొట్టంలో పెట్టి, కింద ఫ్లాస్కులో హెక్సేన్ పోసి వేడినీళ్ల తొట్టి మీద మరిగించేది. ఆమె లెక్క చెప్పేదాకా లారీలో బస్తాలు దిగవు. డ్రైవర్లు ఆఫీసు ఫోనుకు చేస్తూనే ఉండేవారు, మిల్లుల వాళ్లూ చేసేవారు. ఆ హడావుడి ఆమెకు సరిపోయింది. ఆ ఫ్యాక్టరీ ల్యాబులో అంతకు ముందు ఆడవాళ్లెవరూ పని చేయలేదు. యజమాని శశిధర్ మొదట్లో, ఈ అమ్మాయి వడ్ల సీజన్ తట్టుకుంటుందా అని మేనేజరు దగ్గర అన్నాడట. వాళ్లది తరతరాలుగా వ్యవసాయం చేసిన కుటుంబం, మిల్లుల వ్యాపారంలోకి వచ్చింది శశిధర్ తండ్రి కాలంలో. శశిధర్ అన్న మాట చెవిన పడ్డాక కృపారాణి ఒక్క లారీని కూడా అవసరానికి మించి ఆగనివ్వలేదు.

ల్యాబు గది చిన్నది. అందులో ఒక తూనిక యంత్రం ఉండేది. చీమ బరువైనా చూపించేంత సున్నితమైనది. ఫ్యాన్ వేస్తే దాని అంకెలు నిలవవు. కిటికీ తెరిస్తే తవుడు దుమ్ము వచ్చి పడుతుంది. అందుకని ఫ్యాన్ వేసేవారు కాదు, కిటికీ తలుపులకు మేకులు కొట్టేశారు, గాలిని బయటికి లాగే చిన్న ఫ్యానుకు అట్టముక్క అడ్డం పెట్టారు. ఫ్లాస్కుల్లోంచి హెక్సేన్ ఆవిరి ఎంతో కొంత గదిలోకి వస్తూనే ఉండేది. చివరన నూనెలో మిగిలిన హెక్సేన్‌ను ఎగరగొట్టేది కూడా ఆ గదిలోనే. జిడ్డు పట్టిన గాజు సామాను కడగడానికి హెక్సేన్‌కు మించింది లేదు. గ్లవ్స్ వేసుకుంటే సీసాలు జారుతాయని వట్టి చేతులతోనే కడిగేది. బల్ల తుడవడానికి, చేతికంటిన పెన్ను మరక పోవడానికి, అన్నింటికీ అదే.

హెక్సేన్ అంటే ఫ్యాక్టరీలో అందరికీ భయమే, కాకపోతే ఆ భయమంతా నిప్పు గురించే. గేటు దగ్గర అగ్గిపెట్టెలు, బీడీలు, ఫోన్లు తీసి పెట్టించేవారు. మేకులు కొట్టిన బూట్లు వేసుకుని లోపలికి రానిచ్చేవారు కాదు. దాని ఆవిరి గాలికంటే బరువు, నేలను పట్టుకుని పాకుతూ ఎక్కడో ఉన్న నిప్పును వెతుక్కుంటుందని కొత్తగా చేరిన ప్రతి ఒక్కరికీ చెప్పేవారు. పీల్చిన మనిషికి ఏమవుతుందన్నది మాత్రం ఎవరూ చెప్పలేదు. కృపారాణి కూడా అడగలేదు. సాయంత్రానికి తల బరువెక్కితే ఎండ వల్ల అనుకునేది, ఒక టీ తాగితే తగ్గేది.

మూడో ఏడు సీజన్ మొదట్లో ఒక ఆదివారం, మిర్యాలగూడ సాగర్ రోడ్డులో కూరగాయలు కొనుక్కుని తన అద్దె గదికి వస్తుంటే వెనక నుంచి ఎవరో పిలిచారు. చెప్పు పడిపోయిందమ్మా అన్నారు. చూసుకుంటే కుడికాలి చెప్పు చాలా దూరం వెనక ఉంది. అది ఎప్పుడు ఊడిందో ఆమెకు తెలియలేదు. ఉత్త కాలితో నడుస్తున్నా, కింద రోడ్డు తగిలినట్టు లేదు.

అప్పటి నుంచి కాళ్లను పట్టించుకోవడం మొదలుపెట్టింది. వేళ్లలో ఎప్పుడూ చీమలు పాకుతున్నట్టే ఉండేది. నిలబడితే తిమ్మిరి, కూర్చుంటే మంట. గదిలో అటూ ఇటూ తిరిగేది, తిరిగినా తగ్గేది కాదు. కొన్నాళ్లకు చేతివేళ్లకూ పాకింది. డ్రెస్సు హుక్కు పెట్టుకోవాలంటే అద్దం ముందు నిలబడి కళ్లతో చూసుకుంటూ పెట్టుకోవాల్సి వచ్చేది. మనిషి చిక్కిపోయింది. సెలవుకు ఇంటికి వెళ్తే మరియమ్మ కోదాడలో తెలిసిన డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. ఆయన షుగర్ పరీక్ష చేయించాడు, లేదన్నాడు. నరాల బలహీనత అని చెప్పి బలానికి సూదులు రాశాడు. మరియమ్మ నువ్వుల నూనె కాచి అరికాళ్లకు మర్దనా చేసింది. తల్లి చేయి వేడిగా ఉందా చల్లగా ఉందా అన్నది కృపారాణికి తెలియలేదు. ఆ మాట తల్లితో అనలేదు.

ఫ్యాక్టరీలో అసలే అనలేదు. చేతిలోంచి పెన్ను జారితే కావాలనే పడేసినట్టు వంగి తీసుకునేది. ఫ్లాస్కును ఒక చేత్తో ఎత్తాల్సిన చోట రెండు చేతులూ వాడటం మొదలుపెట్టింది. మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకునేది. ఆడపిల్ల తట్టుకోలేకపోయింది అన్న మాట శశిధర్ నోట రావడం ఆమెకు ఇష్టం లేదు. ఈ సీజన్ గడిస్తే చాలు, తర్వాత చూపించుకుందాం అని రోజూ తనకు తాను చెప్పుకునేది.

సీజన్ గడవలేదు. వానాకాలం వడ్లు మిల్లులకు చేరి తవుడు లారీలు వాటిని తూచే కాటా నుంచి రోడ్డు దాకా బారులు తీరిన ఒక మధ్యాహ్నం, వేడినీళ్ల తొట్టి మీద నుంచి ఫ్లాస్కు ఎత్తింది. వేళ్లు దాని మెడ చుట్టూ ఉన్నాయి, కళ్లకు కనిపిస్తూనే ఉన్నాయి. కానీ బిగుసుకోలేదు. ఫ్లాస్కు బల్ల మీద పడి పగిలింది. హెక్సేన్ బల్లంతా పరుచుకుంది. ఆ పక్కనే, ఫ్లాస్కులు ఆరబెట్టే ఓవెన్ ఆన్‌లో ఉంది. ఆమె స్విచ్ వైపు తిరిగేలోపే బుస్సుమని మంట లేచింది. బల్ల ఒక కొస నుంచి ఇంకో కొస దాకా ఒక్కసారిగా అంటుకుంది. ఆమె వెనక్కి అడుగు వేయబోతే కాలు తిరగబడి పడిపోయింది.

తలుపు దగ్గర శాంపిళ్ల పళ్లెంతో ఉన్న సైదయ్య పళ్లెం పారేసి లోపలికి వచ్చాడు. ఆమె చున్నీకి మంట అంటుకోబోతుంటే ఉత్త చేత్తో లాగి పారేశాడు. చంకల కింద చేతులు వేసి ఆమెను వరండాలోకి ఈడ్చాడు. హమాలీలు ఇసుక బకెట్లు, పొడి చల్లే సిలిండర్లు పట్టుకుని పరుగున వచ్చారు. మంట ల్యాబు దాటలేదు. దాటితే ఏమయ్యేదో అక్కడున్న ప్రతి మనిషికీ తెలుసు. అవతల షెడ్డులో ట్యాంకులకు ట్యాంకులు హెక్సేన్ ఉంది. కృపారాణికి చిన్న గాయం కూడా కాలేదు. సైదయ్య కుడిచేయి మాత్రం మోచేతి దాకా కాలింది.

శశిధర్ వచ్చి నల్లబడిన గోడలు చూశాడు. కేకలు వేయలేదు. ఎట్లా జరిగిందని అడిగితే, చేయి జారింది సార్ అని మాత్రం చెప్పింది. సాయంత్రానికల్లా ఫ్యాక్టరీ అంతా ఆ ఒక్క మాటే తిరిగింది. అజాగ్రత్త అన్నారు కొందరు. ఫోన్ చూసుకుంటూ ఉండి ఉంటుంది అన్నారు ఇంకొందరు. ఆమె ఫోను గేటు దగ్గరే ఉందన్న సంగతి వాళ్లకూ తెలుసు.

మర్నాడు మిర్యాలగూడ దవాఖానలో సైదయ్యను చూడటానికి వెళ్లింది. చేతికి కట్టు కట్టి మంచం మీద కూర్చోబెట్టారు. ఆమె ఏడ్చింది. సైదయ్య మెల్లగా అన్నాడు.

“నువ్వు జార్చలే బిడ్డా. నీ చేతుల పట్టు లేదు. చాన దినాల సంది సూస్తనే ఉన్న. పెన్ను పట్టుకుంటె పడ్తున్నది, నడుస్తుంటె కాలు ఈడుస్తున్నవ్. ఎవలకు భయపడి దాస్తున్నవో నాకు తెల్వదు. ఇగ దాయకు. సూర్యాపేటల మంచి డాక్టరుకు సూపించుకో.”

ఆమె కళ్లు తుడుచుకుని లేచింది. బయటికి వచ్చి దవాఖాన మెట్లు దిగుతుంటే పాదం ముందు భాగం పైకి లేవక మెట్టుకు తట్టుకుంది. రెయిలింగ్ పట్టుకుని నిలబడిపోయింది. ఆ పూటే తల్లికి ఫోన్ చేసింది.

సూర్యాపేటలో నరాల డాక్టరు సింధు ఆమెను మంచం మీద కూర్చోబెట్టి, చీలమండ వెనక చిన్న రబ్బరు సుత్తితో కొట్టింది. పాదం కదలలేదు. రెండో కాలూ కదలలేదు. మోగుతున్న ఒక ఇనుప కడ్డీని బొటనవేలికి ఆనించి, వణుకు తెలుస్తోందా అని అడిగింది. తెలియడం లేదని చెప్పింది కృపారాణి. షుగర్ లేదు, థైరాయిడ్ లేదు, వెన్నులో నొప్పి లేదు. ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉందా అని మరియమ్మను అడిగింది, లేదంది. అప్పుడు డాక్టరు కాగితాలు పక్కన పెట్టేసి, ఏం పని చేస్తారమ్మా అని అడిగింది.

కృపారాణి చెప్పింది. గది ఎంత ఉంటుంది, కిటికీ ఉందా, చేతులతో ముట్టుకుంటారా, బట్టలకు వాసన ఉంటుందా అని డాక్టరు ఒక్కొక్కటే అడుగుతూ పోయింది. ఇంటికొచ్చాక కూడా జుట్టుకు ఆ వాసన ఉంటదని మరియమ్మే చెప్పింది. డాక్టరు నరాలకు కరెంటు పెట్టి చూసే పరీక్ష చేయించింది. కాళ్లలో, చేతుల్లో కబురు అందాల్సినంత వేగంగా అందడం లేదని తేలింది.

“ఇది హెక్సేన్ వల్లనేనమ్మా,” అంది డాక్టరు. “ఊపిరిలోంచి, చర్మంలోంచి ఒంట్లోకి పోతుంది. లోపల అది వేరే పదార్థంగా మారి నరాలను దెబ్బతీస్తుంది. పొడుగు నరాలకు ముందు తగులుతుంది, అందుకే మీకు కాలివేళ్ల దగ్గర మొదలైంది. ఇంతకు ముందు చెప్పులకు జిగురు అంటించే అబ్బాయిని ఒకతన్ని ఇలాగే చూశాను. ఆ జిగురులోనూ ఇదే ఉండేది.”

“అగ్గి అంటుకుంటదని తెలుసు మేడమ్,” అంది కృపారాణి. “డబ్బా మీద మంట బొమ్మ ఉంటది. రోజూ చూస్తనే ఉన్న. నరాలకు పట్టుకుంటదని నాకెవ్వరూ చెప్పలే.”

మందు ఏముందని మరియమ్మ అడిగింది. విరుగుడు లేదని, దాని నుంచి దూరం జరగడమే మందు అని డాక్టరు చెప్పింది. నరాలు మళ్లీ పెరుగుతాయి, కానీ నెమ్మదిగా. వ్యాయామం చేయించాలి, ఓపిక పట్టాలి. ఇంకో మాట కూడా చెప్పింది. మానేసిన తర్వాత కూడా కొన్ని నెలలు జబ్బు ముదురుతుంది, ఇప్పటికే జరిగిన నష్టం బయటపడటానికి టైం పడుతుంది, అప్పుడు బెదిరిపోవద్దు అని.

బెదిరిపోవద్దన్న మాట వినడం తేలికే. అనంతగిరికి వచ్చి మంచాన పడ్డాక, రోజులు గడిచేకొద్దీ కాళ్లు ఇంకా బలహీనపడుతుంటే దాన్ని నమ్ముకుని ఉండటం కష్టమైంది. కింద కూర్చుంటే తల్లి లేపితే తప్ప లేవలేకపోయేది. పాదాలు వేలాడిపోయి, నడిచేటప్పుడు మోకాళ్లు ఎత్తెత్తి వేయాల్సి వచ్చేది. గ్లాసు పట్టుకోవాలంటే రెండు చేతులూ కావాలి. ఒళ్లు కదలకపోయినా మనసు మాత్రం ఒక్క నిమిషం ఆగేది కాదు. లారీలు వచ్చి ఉంటాయి, శాంపిళ్లు ఎవరు చేస్తున్నారో, సైదయ్య చేయి మానిందో లేదో అని అదే పనిగా అనుకునేది. మంచం వాకిట్లో వేయమనేది, కాసేపటికి లోపల వేయమనేది, మళ్లీ వాకిట్లోకి. మరియమ్మ విసుక్కోకుండా మోసేది. చర్చిలో ప్రార్థన పెట్టించింది. చుట్టుపక్కల వాళ్లు వచ్చి, ఫ్యాక్టరీ మానేసినా ఎక్కువవుతోందంటే ఇది ఇంకేదో జబ్బయి ఉంటుందని, వేరే డాక్టరుకు చూపించమని చెప్పి వెళ్లేవారు. మరియమ్మకు అనుమానం వచ్చింది. కృపారాణికి అంతకంటే ఎక్కువే వచ్చింది. డాక్టరు పొరబడి ఉంటే, తప్పు ఆ గదిది కాకపోతే, ఉన్న ఉద్యోగం ఊరికే పోగొట్టుకున్నట్టే కదా అనిపించేది.

ఒకరోజు ఆగలేక డాక్టరుకు ఫోన్ చేసింది. సింధు విసుక్కోలేదు. ముదురుతుందని ముందే చెప్పానుగా, చెప్పింది ఇందుకే అంది. ఫోన్ పెట్టేశాక కృపారాణి చాలాసేపు ఏడ్చింది, ఆ తర్వాత లేచి గోడ పట్టుకుని వాకిలి దాకా వెళ్లింది.

ఆ వారమే సైదయ్య ఫోన్ చేశాడు. చేయి మానిందని, పనిలోకి వెళ్తున్నానని చెప్పాడు. మాటల్లో మాటగా, ల్యాబుకు కొత్త అమ్మాయి వచ్చిందని, సూర్యాపేట పిల్ల, పేరు నిఖిత అని, చదువు ఈమధ్యే అయిందని చెప్పాడు. గది అదేనా అని కృపారాణి అడిగింది. గోడలకు సున్నం వేసిన్రు, గది అదే అన్నాడాయన. కిటికీ సంగతి అడిగింది. సైదయ్య ఉన్నమాటే చెప్పాడు. “ఎక్కడిది అక్కడనే ఉన్నది బిడ్డా.”

ఇక ఆమెకు కుదురు లేదు. శశిధర్‌కు ఫోన్ చేసి డాక్టరు చెప్పిందంతా చెప్పింది. ఆయన విన్నాడు. పాపం అన్నాడు, వైద్యానికి అయ్యేది ఫ్యాక్టరీ పెట్టుకుంటుందన్నాడు. ఆ మాట నిలబెట్టుకున్నాడు కూడా. గది సంగతి మాత్రం సీజన్ అయ్యాక చూద్దామన్నాడు. అన్ని ఫ్యాక్టరీల్లో ల్యాబులు ఇట్లనే ఉన్నయి కృపా, అన్నాడు. సీజన్ అయ్యేసరికి ఆ అమ్మాయి చెప్పు ఎక్కడో రోడ్డు మీద ఊడిపోతుందని ఆయనకు ఎలా చెప్పాలో ఆమెకు తెలియలేదు. నిఖితకు ఫోన్ చేద్దామంటే నెంబరు లేదు. ఉన్నా, ముఖం తెలియని మనిషి చెబితే ఎవరు నమ్ముతారు. వెళ్తానంది. మరియమ్మ వద్దంది.

“మంచం దిగటానికి నేను పట్టుకోవాలి. మిర్యాలగూడ దాకా ఎట్లా పోతావే? నీ పని నువ్వు చేశావు, చెప్పాల్సినోళ్లకు చెప్పావు. ఇంకా నీకెందుకు?”

“నాకు కూడా ఒకళ్లు వచ్చి చెప్పి ఉంటే బాగుండేదమ్మా.”

మర్నాడు పొద్దున మరియమ్మే కోదాడ దాకా ఆటో మాట్లాడింది. అక్కడి నుంచి ఇద్దరూ మిర్యాలగూడ బస్సెక్కారు. హుజూర్‌నగర్ దాటేదాకా కృపారాణి చేతికర్రను మోకాళ్ల మధ్య పెట్టుకుని కిటికీలోంచి చూస్తూ, నిఖితతో ఏం మాట్లాడాలో లోపల లోపల అనుకుంటూ వచ్చింది. అనుకున్న మాట మరుక్షణం తప్పనిపించేది.

ల్యాబు తలుపు తీయగానే ఆ వాసన తగిలింది. ఇన్నేళ్లూ అందులోనే ఉండటం వల్ల అది అంత గాఢంగా ఉంటుందని ఆమెకు తెలియలేదు. మరియమ్మ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని వరండాలోనే ఆగిపోయింది. లోపల సన్నటి అమ్మాయి ఫ్లాస్కులు కడుగుతోంది, వట్టి చేతులతో. తాను ఎవరో కృపారాణి చెప్పగానే నిఖిత ముఖం ముడుచుకుంది.

“మీ చెయ్యి జారి అంటుకున్నదని చెప్పిన్రక్కా. నేను జాగ్రత్తగానే చేస్తున్న.”

“చెయ్యి ఎందుకు జారిందో చెప్దామనే వచ్చిన,” అంది కృపారాణి. చేతికర్ర బల్లకు ఆనించి, మడమల మీద నిలబడగలవా అని అడిగింది. నిఖితకు ఆ ప్రశ్న వింతగా తోచింది. అయినా వేళ్లు పైకెత్తి మడమల మీద నాలుగడుగులు వేసి చూపించింది. నువ్వు బాగున్నవ్ అని, కృపారాణి తానూ ప్రయత్నించింది. పాదాలు నేల వదలలేదు. తూలిపోతుంటే నిఖితే వచ్చి పట్టుకుంది. ఆ అమ్మాయి చేయి తన భుజం మీద ఉండగానే కృపారాణి మొదటి నుంచీ జరిగిందంతా చెప్పింది.

నిఖిత ఆమెను బల్లకు ఆనించి నిలబెట్టింది. తర్వాత, తనకు రోజూ సాయంత్రం తల నొస్తుందని, కొత్త పని కదా అని అనుకున్నానని చెప్పింది. ఈ ఉద్యోగం మానడం తన వల్ల కాదని కూడా చెప్పింది. మానమని చెప్పడానికి తాను రాలేదంది కృపారాణి.

శశిధర్ వచ్చేసరికి ఆమె ఇంకా అక్కడే ఉంది. ఆమెను ఆ స్థితిలో చూసి ఆయన కంగారుపడ్డాడు, కుర్చీ తెప్పించాడు. గది మాట ఎత్తేసరికి మళ్లీ పాత సమాధానమే చెప్పాడు. కిటికీ తీస్తే తూనిక అంకెలు నిలవవు, నిలవకపోతే లెక్క తప్పు వస్తుంది, మిల్లుల వాళ్లతో గొడవలవుతాయి. అందులో అబద్ధమేమీ లేదు. కృపారాణి కూడా ఇన్నేళ్లూ అదే అనుకుంది.

అప్పుడే సైదయ్య కొత్త శాంపిళ్లతో వచ్చాడు. తలుపు దాకా వచ్చి ఆగాడు. పళ్లెం వరండాలో గట్టు మీద పెట్టి, పక్కన కూర్చున్నాడు. లోపలికి తెమ్మని శశిధర్ అంటే, మామూలుగా మాట్లాడుతున్నట్టే అన్నాడు.

“ఆ కిటికీ తీసేదాక నేను లోపటికి తేను సార్. ఒక పిల్లను నా చేతులతోని బయటికి గుంజిన. ఇంకొక పిల్లను గుంజే ఓపిక నాకు లేదు.”

శశిధర్ ముఖం ఎర్రబడింది. ఆయన తండ్రి కాలం నుంచీ ఫ్యాక్టరీలో ఉన్న మనిషి సైదయ్య, ఎన్నడూ ఎదురు మాట అనలేదు. శాంపిళ్లు నువ్వే తీసుకో అన్నట్టు శశిధర్ నిఖిత వైపు చూశాడు. ఆ అమ్మాయి భయంతో చున్నీ కొస వేలికి చుట్టుకుంటూ నిలబడింది గానీ కదల్లేదు. బయట లారీలు ఆగిపోయాయి. కాటా దగ్గర హారన్లు మొదలయ్యాయి. హమాలీలు బస్తాలు దించకుండా ల్యాబు వైపు చూస్తున్నారు. ఆఫీసులో ఫోన్ మోగుతూనే ఉంది. శశిధర్ వరండాలో అటు చివరికీ ఇటు చివరికీ తిరిగాడు. ఒకసారి సైదయ్య చేతి మీద కాలిన మచ్చను చూశాడు, చూపు తిప్పుకున్నాడు.

ఆ హారన్ల మధ్య కృపారాణికి ఉన్నట్టుండి ఒకటి తోచింది. తూనిక యంత్రాన్ని ఇక్కడే ఎందుకు ఉంచాలి? పక్కన స్టోరు గది ఉంది, ఖాళీ సంచులు పెట్టుకోవడానికి తప్ప దేనికీ వాడరు. దాన్ని అందులో పెట్టి తలుపు మూస్తే చాలు. తూచడం అక్కడ, మరిగించడం ఇక్కడ. ఇక్కడ ఫ్యాన్లు తిరగొచ్చు, కిటికీ తెరిచి పెట్టుకోవచ్చు. ఇంత చిన్న సంగతి ఇన్నేళ్లలో ఎవరికీ తోచలేదు, రోజంతా అక్కడే ఉన్న తనకు కూడా. అదే శశిధర్‌కు చెప్పింది. ఆయన నిలబడిపోయి స్టోరు గది వైపు చూశాడు. కాసేపటికి మేస్త్రీకి కబురు పంపాడు.

ఆ సాయంత్రమే సంచులు ఖాళీ చేశారు. కిటికీకి కొట్టిన మేకులు పీకేశారు. ఆ నెలలోనే ఫ్లాస్కులు మరిగే బల్ల మీద రేకు గొట్టం పెట్టి, ఆవిరిని కప్పు పైకి లాగే ఫ్యాన్ బిగించారు. నిప్పురవ్వ రాని రకం చూసి తెప్పించారు. హెక్సేన్‌కు తట్టుకునే గ్లవ్స్ వచ్చాయి. అవి చేతికి పట్టడం లేదని నిఖిత ఫోన్‌లో సణిగేది, అయినా వేసుకునేది. డాక్టరు సింధు ఆ అమ్మాయిని పిలిపించి పరీక్ష చేసింది. నరాలకు ఏమీ కాలేదు. కొన్ని నెలలకోసారి వచ్చి చూపించుకోమంది. వేరే ఫ్యాక్టరీల్లో గదులు ఎలా ఉన్నాయో కృపారాణికి తెలియదు. ఆ ఆలోచన ఆమెను ఇప్పటికీ వదల్లేదు.

ఎండాకాలం మొదలయ్యేసరికి కాళ్లలో కొత్త రకం మంట వచ్చింది. బెదిరిపోయి సూర్యాపేట వెళ్తే, నరాలు తిరిగి మేలుకుంటున్నాయి, ఇది మంచి నొప్పి అంది డాక్టరు. మంచి నొప్పి అనే మాట విని మరియమ్మ నవ్వింది. చాలా నెలల తర్వాత ఆమె నవ్వడం అదే. కృపారాణి రోజూ వాకిట్లో తాడు పట్టుకుని పాదాలు పైకి లాగే వ్యాయామం చేసింది. ముందు చేతులు తేరుకున్నాయి, తర్వాత కుడికాలు. ఎడమ పాదం ఇప్పటికీ అలసిపోతే కొద్దిగా ఈడుస్తుంది.

శశిధర్ మళ్లీ రమ్మన్నాడు, ఆఫీసులో పని ఇస్తానన్నాడు. ఆమె వెళ్లలేదు. ఏడాది తిరిగాక సూర్యాపేటలో నీళ్లు పరీక్షించే ఒక ల్యాబులో చేరింది. ఊళ్లు తిరిగి బోర్ల దగ్గర నీళ్లు పట్టుకొచ్చి, ఫ్లోరైడ్ ఎంత ఉందో చూసే పని. నెమ్మదిగా తిరగమని మరియమ్మ ఫోన్‌లో రోజూ చెబుతుంది. మొన్న ఒక ఊళ్లో బోరు దగ్గర సీసా నింపుతుంటే, బిందె పట్టుకుని నిలబడిన బాలనర్సమ్మ అనే ఆమె, ఈ నీళ్లు తాగొచ్చా బిడ్డా అని అడిగింది. పరీక్ష చేయకుండా చెప్పలేనని, మూడు రోజుల్లో తానే వచ్చి చెబుతానని కృపారాణి మాట ఇచ్చింది. సీసాకు మూత బిగించి, ఆమె ఇల్లు ఎక్కడో అడిగి తెలుసుకుని, తర్వాతి బోరు వైపు నడిచింది.